గ్రహణం పూట గడప దాటితే

ఒమాన్‌లోని ఇబ్రాలో ఆ డిసెంబరు ఉదయం చాయ్ కూడా పెట్టకముందే శాంతవ్వ పనిలో పడింది. పడకగది కిటికీకి దుప్పటి కట్టింది, ఏసీ సందులో తువ్వాలు కుక్కింది. కోడలు రజితకు ఏడో నెల. పురుడు పోయడానికే అత్త జగిత్యాల నుంచి వచ్చింది. గ్రహణం విడిచేదాకా కోడలు ఆ చీకట్లో కదలకుండా పడుకోవాలట.

చెప్పగానే పడుకునే రకమా రజిత? ఇక్కడే ఆసుపత్రిలో నర్సు. గ్రహణం చూసే అద్దాలు ముందే తెప్పించుకుంది. వాటి మీద గీతలేమీ లేవని చూసుకుని బాల్కనీ వైపు నడిచింది.

శాంతవ్వ తలుపుకు అడ్డంగా నిలబడింది. "లోపటికి పో బిడ్డా. చెప్తే ఇనవా?"

"పోను అత్తమ్మా. ఈ అద్దాలుంటే కండ్లకేం కాదు. కడుపుల బిడ్డకు గ్రహణంతోని ఏం పని?"

"ఏం పనా? నీ మొగని మూతి చూడు."

స్నానం చేసి వస్తున్న కుమార్ ఆగిపోయాడు. అతని మీసం కింద కుట్లగీత ఉంది. గ్రహణమొర్రితో పుట్టినవాడు.

"గ్రహణం పూట కత్తిపీట ముట్టిన్నని మా అత్త, మీ మామ అందరన్నరు. వీనికి పాలు తాగరాకపోతే దూదితోని పిండిన. నా చేతులతోని నేనే చీరిన్నని ఇయ్యాల్టిదాంక ఏడుస్తున్న. ఆ గోస నీకొద్దు."

రజితకు ఒళ్లు మండిపోయింది. అత్త మీద కాదు. "నువ్వు చీరలే అత్తమ్మా. గ్రహణం లేని నెలల్ల గూడ పిల్లలు మొర్రితోని పుడుతరు, మా వార్డుల నేనే చూసిన. నిన్ను నిందవెట్టినోళ్ల మాటకు నేను తలొంచ. జరుగు."

"జరుగవ్వా," అన్నాడు కుమార్ మెల్లగా.

శాంతవ్వ జరిగింది. రజిత బాల్కనీలోకి వెళ్లి అద్దాలు పెట్టుకుని చూసింది. కాసేపటికి వెనక అలికిడైతే తలొంచి, అద్దాలు తీసి తిరిగి చూసింది. కొడుకు తను పనిచేసే కట్టడం సైట్‌లో పెట్టుకునే నల్ల గాగుల్స్ తగిలించుకుని అత్త గడప దాటి వచ్చింది. తలెత్తబోతుంటే రజిత అరచెయ్యి అడ్డం పెట్టింది.

"అవి దుమ్ముకు పెట్టుకునేటియి. సూర్యున్ని ఆపయి. కండ్లు కాలుతుంటే నొప్పి గూడ తెల్వది." తన అద్దాలు ఇచ్చింది. "కిందికి చూస్కుంట పెట్టుకో, అప్పుడు పైకి చూడు. తీసేటప్పుడు గూడ తలొంచినంకనే."

శాంతవ్వ చూసింది. సూర్యుడు సన్నని చేతిగాజులా మిగిలాడు. ఆమె చెంపల మీదుగా నీళ్లు కారుతున్నాయి.

"గంత దూరాన దాని పని అది చేస్కుంటున్నది. దీని పేరు చెప్పేనా నన్ను ఇన్నేండ్లు ఏడిపిచ్చిండ్రు?"

తలొంచి, అద్దాలు తీసింది. కొడుకును దగ్గరకు పిలిచి, ఆ కుట్లగీత మీద వేలు పెట్టింది.

"నేను చీరలే కొడుకా," అంది.