జాహేదా చదివిన పెద్ద పుస్తకం

"టీచర్! జాహేదా జవాబు చూసిన్రా? మస్తు రాసింది!"

అన్నం గంట కొట్టారో లేదో, ఏడో తరగతి పిల్లలంతా వరండాలోని చర్చల బోర్డు ముందు మూగారు. అందరికంటే ముందు నిలబడి అరుస్తున్నది యాదలక్ష్మి. ఆ జవాబు తనే రాసినంత సంబరం ఆమెకు. జాహేదా ఆమె ప్రాణస్నేహితురాలు మరి.

ముందు ఆ బోర్డు సంగతి చెప్పాలి. ఇప్పుడైతే ఫోనులో ఒక ప్రశ్న పెడితే ఎక్కడెక్కడివాళ్ళో జవాబులు ఇస్తారు. ఆ రోజుల్లో, జడ్చర్ల దగ్గరున్న ఆ ఊళ్ళో, ఫోనంటే పోస్టాఫీసులో ఉండే నల్ల డబ్బా ఒక్కటే. అందుకని సైన్సు చెప్పే అరుణమ్మ టీచర్ వరండాలో ఒక చెక్క బోర్డు పెట్టించింది. ఎవరైనా దాని మీద ప్రశ్న రాసి అంటించవచ్చు. ఎవరైనా జవాబు అంటించవచ్చు. 'నువ్వు రాసింది తప్పు' అని ఇంకొకరు దాని కింద అంటించవచ్చు కూడా.

నియమం ఒక్కటే. ఆ సంగతి ఎవరు చెప్పారో, లేదా ఎక్కడ చదివారో జవాబు కింద రాయాలి. పిల్లలకు ఇదంటే మహా చిరాకు. "జవాబు రాస్తే సాలదా? దాని తాతముత్తాతల పేర్లు గూడ రాయాల్నా?" అని బీరన్న రోజూ గొణిగేవాడు.

ఈసారి ప్రశ్న అడిగింది యాదలక్ష్మి. 'గుట్ట మీది సీతాఫలాలు శనివారానికి పండాలంటే ఏం చేయాలి?'

శనివారం జడ్చర్ల నుంచి ఖోఖో టీము వస్తోంది. పోయిన నెల మన పిల్లలు అక్కడికి ఆడడానికి వెళ్తే, వాళ్ళు వేడివేడి జిలేబీలు కడుపునిండా పెట్టి పంపించారు. ఇప్పుడు వాళ్ళు వస్తే ఉత్త చేతులు ఊపుకుంటూ నిలబడితే ఏం బాగుంటుంది? 'మా గుట్ట సీతాఫలాలు పెడ్తం, తిని సూడున్రి' అని టీము కెప్టెన్ యాదలక్ష్మి గొప్పగా చెప్పి వచ్చింది. మాట ఇచ్చేసింది కానీ, గుట్ట మీద కాయలింకా పచ్చిగానే ఉన్నాయి.

జాహేదా జవాబు ఇది: 'కాయలు తెంపి బియ్యంలో దాచిపెట్టాలి. అవే పండుతాయి.' దాని కింద ముత్యాల్లాంటి అక్షరాలతో ఇంకో ముక్క: 'ఎక్కడ చదివాను? ఒక పెద్ద పుస్తకంలో.'

ఆ పుస్తకం లేదు. ఉంటే కదా చదవడానికి! పొద్దున రొట్టెలు కాలుస్తూ వాళ్ళ దాదీ, అంటే నాయనమ్మ, అజ్మత్ బీ చెప్పిన మాట అది. జాహేదా మొదట 'మా దాదీ చెప్పింది' అనే రాసింది. తర్వాత బోర్డు మీద మిగతా జవాబులు చూసింది. ఒకరు 'రేడియోలో విన్నాను' అని రాశారు. ఇంకొకరు 'కాలేజీలో చదివే మా మామ చెప్పాడు' అని రాశారు. వాటి పక్కన, సంతకం కూడా రాని దాదీ పేరు పెడితే అందరూ నవ్వరూ? ఆ కాగితం చింపేసింది. 'పెద్ద పుస్తకం' అని రాస్తే జవాబుకే ఒక దర్జా వచ్చినట్టనిపించింది.

దర్జా బాగానే పనిచేసింది. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. బీరన్న కూడా నోరెత్తలేదు. ఆ సాయంత్రమే పిల్లలు గుట్ట ఎక్కి, చేతికందిన కాయనల్లా తెంపి, పంచుకుని, ఎవరింటి బియ్యం డబ్బాలో వాళ్ళు దాచుకున్నారు. "సీతాఫలాల సైంటిస్టు" అని జాహేదాకు పేరు కూడా వచ్చింది. ఆమె నడకే మారిపోయిందంటే నమ్మండి.

బుధవారం నాడు బీరన్న లాగు జేబులోంచి ఒక కాయ తీసి బల్ల మీద పడేశాడు. టక్కుమని చప్పుడైంది.

"ఇది పండా? రాయా? సైంటిస్టమ్మా, జర చెప్పు!"

కాయ నల్లబడింది. కొరకబోతే పన్ను ఊడేటట్టుంది. ఒక్కొక్కరూ తమ ఇంటి సంగతి చెప్పారు. అందరివీ అంతే.

"మా అమ్మ బియ్యం డబ్బాల చెయ్యి పెట్టి, 'ఈ రాళ్ళెవరు పోసిన్రు' అని నన్ను తిట్టింది," అంది ఒక పిల్ల.

యాదలక్ష్మి ముఖం వాడిపోయింది. "శనివారం వాళ్ళొస్తె ఏం పెట్టాలె? ఇజ్జత్ పోతది గదా!"

"ఫికర్ ఎందుకే," అన్నాడు బీరన్న. "పుస్తకం తెచ్చి సూద్దాం. అండ్ల ఇంకేదన్న రాసి ఉంటదేమో. జాహేదా, ఏం పుస్తకమే అది?"

"పచ్చ అట్ట ఉంటది," అంది జాహేదా నోటికొచ్చినట్టు.

అదే ఆమె చేసిన ఇంకో పొరపాటు. పిల్లలు బిలబిలమంటూ హెడ్మాస్టరు గదిలోకి పోయి, బీరువాలోని పచ్చ అట్ట పుస్తకాలన్నీ తీసి కింద పరిచారు. ఒకటి చదరంగం ఆట గురించి. ఇంకొకటి కోళ్ళ పెంపకం. మరొకటి తెరిస్తే చెదపురుగులు తప్ప ఏమీ మిగల్లేదు. అరుణమ్మ టీచర్ కూడా ఉత్సాహంగా వచ్చి కూర్చుంది.

"నేను గూడ సదువుత ఆ పుస్తకం. ఎవరు రాసిన్రు జాహేదా?"

"ఎర్ర అట్ట కావచ్చు టీచర్..."

బీరన్న అనుమానంగా చూశాడు. "అసలు ఉన్నదా ఆ పుస్తకం?"

"ఏయ్! జాహేదా అబద్ధం చెప్పదు!" యాదలక్ష్మి కస్సుమంది. "నేనే దొరకబడ్త సూడు!" అంటూ దుమ్ముతో తుమ్ముతూ బీరువా కింది అరలోకి తల దూర్చింది.

జాహేదా ఇక ఉండలేకపోయింది. తన కోసం దుమ్ములో దూరిన ఆ స్నేహితురాలిని చూస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"యాదీ, ఎతకకే. అసుంటి పుస్తకమే లేదు. మా దాదీ చెప్పింది."

యాదలక్ష్మి జుట్టుకు సాలెగూడుతో బయటికొచ్చింది.

"మరి దాదీ పేరు ఎందుకు రాయకపోతివి?" అడిగింది టీచర్. గొంతులో కోపం లేదు.

"దాదీకి సదువు రాదు టీచర్. నవ్వుతరని రాయలే."

బీరన్న నెత్తి కొట్టుకున్నాడు. "దాదీ అని రాస్తె అప్పుడే మీ ఇంటికొచ్చి అడుగుదుం గదనే! పుస్తకమంటె ఎవల్ని అడగాలె?"

టీచర్ ఏదో చెప్పబోయి ఊరుకుంది. చెప్పాల్సింది వాడు చెప్పేశాడు. రోజూ ఆ నియమం మీద గొణిగేవాడే చెప్పాడు చూడండి! యాదలక్ష్మి మాత్రం జుట్టులోని సాలెగూడు తీసుకుంటూ నేలవైపు చూసింది.

బడి వదలగానే అందరూ అజ్మత్ బీ వాకిట్లో దిగారు. ఆమె కాయను అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి కండ్లు ఏవి?"

"కండ్లా?" పిల్లలు నోళ్ళు తెరిచారు.

"కాయ మీద బొడిపెలు ఉంటయి గదా బేటా. వాటి నడుమ సందులు తెల్లగ విచ్చుకోవాలె. అప్పుడు కాయ కండ్లు తెరిచినట్టు. అసుంటియే తెంపాలె. కండ్లు మూసుకున్నయి ఎన్నడు పండయి." ఆమె మనవరాలి చెవి పట్టుకుంది. "ఇదంత నీకు చెప్తాంటి గదా! బియ్యంల పెట్టాలె అనంగనే, ఆఖరు దాకా వినకుండ బడికి ఉరికినవ్!"

చెవి నొప్పి పెట్టింది కానీ ఈసారి జాహేదా ఆఖరు దాకా అడగాలనుకుంది. "దాదీ, నీకెవరు చెప్పిన్రు ఇదంత?"

"ఇంకెవరు? గోపమ్మ. నేను కొత్తగ ఈ ఊరికి వచ్చినప్పుడు చెప్పింది."

పక్కింటి గోపమ్మ అప్పటికే గోడ మీదుగా తొంగి చూస్తోంది. "బియ్యంల అని నేనెప్పుడు చెప్పిన? వరిగడ్డిల పెట్టాలె అన్న!"

"బియ్యంలనే అన్నవు గోపమ్మా!"

"గడ్డే!"

ఇద్దరూ ఎంతకీ తగ్గలేదు. చివరికి పిల్లలే తీర్పు చెప్పారు. సగం కాయలు బియ్యంలో, సగం గడ్డిలో పెట్టి చూద్దామన్నారు. వెలుతురుండగానే గుట్ట ఎక్కి, ప్రతి కాయ కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసి మరీ తెంపారు. జాహేదా తాను తెంపిన మొదటి కాయను యాదలక్ష్మి ఒడిలో వేసింది.

"కోపమొచ్చిందా?"

"వచ్చింది," అంది యాదలక్ష్మి. ఒడిలోంచి తీసి, "ఇది తెరిచిన కన్నేనా, సరిగ్గ సూడు," అంటూ కాయను ఆమె ముక్కు దగ్గర పెట్టింది. ఇద్దరూ నవ్వేశారు.

మర్నాడు బోర్డు మీద పాత జవాబు స్థానంలో కొత్తది వెలిసింది. 'పెద్ద పుస్తకం అబద్ధం. చెప్పినది మా దాదీ అజ్మత్ బీ. నేను సగమే విని రాశాను. మిగతా సగం ఇదిగో.' ఎవరూ నవ్వలేదు. నవ్వకపోగా, ఇంకేమైనా అడగాలంటే దాదీ ఎప్పుడు ఖాళీగా ఉంటుందని అడిగారు.

శనివారానికి కాయలు పండాయి. గడ్డిలోవే కాస్త ముందు మెత్తబడ్డాయి. 'ఆ కాయలే ముదురువి' అంటుంది తప్ప, గడ్డి గెలిచిందని అజ్మత్ బీ ఇప్పటికీ ఒప్పుకోదు. ఖోఖోలో ఎవరు గెలిచారన్నది మాత్రం యాదలక్ష్మి ముందు ఎత్తకండి.

ఆట అయ్యాక జడ్చర్ల టీము వరండాలో కూర్చుని సీతాఫలాల మీద పడింది. వాళ్ళ కెప్టెన్ వజీరా చెంపల నిండా గుజ్జే.

"గింత తియ్యగ ఎట్ల పండబెట్టిన్రు? నేను మా బడిల చెప్త," అంటూ కాగితం, పెన్సిలు తీసింది. జాహేదా చెప్తుంటే అంతా రాసుకుంది. చివర, 'చెప్పినది జాహేదా' అని పెద్ద అక్షరాలతో రాసింది.

తన పేరు ఆ కాగితం మీద ఎంత బాగుందో! జాహేదా ఒక్క క్షణం దానివైపే చూసింది.

"కింద జర జాగా ఉంచు," అంది. "నాకు మా దాదీ చెప్పింది. అజ్మత్ బీ అని రాయి. దాదీకి గోపమ్మ చెప్పింది. ఆ పేరు గూడ రాయి."

"మరి గోపమ్మకు ఎవరు చెప్పిన్రు?" నోట్లోని గింజలు ఉమ్ముతూ అడిగాడు బీరన్న.

జాహేదాకూ తెలియదు.

"ఇంక జర జాగా ఉంచు వజీరా! ఇప్పుడే అడిగొస్త!"

చేతిలో సగం తిన్న సీతాఫలంతోనే గోపమ్మ ఇంటివైపు ఉరికింది.

"ఈసారన్న ఆఖరు దాకా విని రాయే!" వెనక నుంచి యాదలక్ష్మి అరిచింది.