చెవిమిషన్‌లో నాలుగో ప్రోగ్రాం

పదకొండింటిలోపు చేయవలసిన పనులు: దొంగ మీసం అంటించుకోవడం. మైకులవాడి చొక్కా ఇస్త్రీ చేసుకోవడం. చెవిమిషన్లకు కొత్త బ్యాటరీలు వేయడం. వాటిలో కాగితాల గరగర తగ్గించడం. ఒక శాస్త్రవేత్తను బతికించడం.

చీఫ్ అప్పగించింది చివరిదొక్కటే. విదేశీ ముఠా ఒకటి తయారుచేస్తున్న విషవాయువు గుట్టును ఆ శాస్త్రవేత్త విలేకరుల ముందు విప్పబోతున్నాడు. ఆయన నోరు తెరిచేలోపే లేపేయాలని ముఠా పథకం. ఎవరు, ఎలా అన్నది తెలియదు.

నాలుగేళ్ళ కిందట ఒక పేలుడు ఏజెంట్ నంబరు ముప్పై వినికిడిని సగం మింగేసింది. అప్పట్నుంచి అతనికి చెవిమిషన్ల పిచ్చి. కేబుల్‌తో వాటిని లాప్‌టాప్‌కు తగిలించి రోజూ ఏదో పెంచుతాడు, ఏదో తగ్గిస్తాడు. ఏ సెట్టింగు దగ్గరా కుదురుండదు. అక్క ఎదురుగా కూర్చుని పేపరు చదివి వినిపించాలి. ఆమె టైపిస్టుగా రిటైరైన మనిషి. ఉన్న అంకెలన్నీ నోటుబుక్కులో ఎక్కించనిదే తమ్ముణ్ణి మౌస్ ముట్టుకోనివ్వదు.

ఆ ఉదయం కూడా ఆమె గొంతు రేకుడబ్బాలోంచి వస్తున్నట్టుందని అతను గొణుగుతూనే ఉన్నాడు. ఆమె స్క్రీన్ చూసి, నోటుబుక్కు చూసి ఆగిపోయింది.

"ఒరేయ్, మొన్న నాలుగు ప్రోగ్రాములున్నాయి. ఇప్పుడు మూడేనేంటి?"

"నేను తీయలేదక్కా."

"మరి నిన్న వీటిని ఎవరు ముట్టుకున్నారు?"

డిపార్టుమెంటు క్లినిక్‌లో చెవులు చూసే ఆడియాలజిస్టు. ఆమె నవ్విందంటే ఏజెంట్లు వచ్చిన పని మరిచిపోతారు. ఊరికే క్లీన్ చేసిస్తానంది. మాయమైంది టెలికాయిల్ ప్రోగ్రాం. అది పెడితే మాటలు వినబడవు. దగ్గర్లో నడుస్తున్న కరెంటు పరికరాల రొద మాత్రం చెవిలో గుయ్‌మంటుంది. అది ఉంటే ఆమెకేం అడ్డం?

అతను వెంటనే చీఫ్‌కు ఫోన్ చేసి, ఆవిడ మీద ఓ కన్నేసి ఉంచమన్నాడు. డిపార్టుమెంటు మొత్తం ఆ పనిమీదే ఉందయ్యా అని చీఫ్ నవ్వి ఫోన్ పెట్టేశాడు.

"అక్కా, పాత అంకెలు చదువు."

ఆమె చదివింది. అతను లాప్‌టాప్‌లో కొట్టాడు. అప్పటికి పది ఇరవై.

ప్రెస్‌మీట్ హాలు గేటు దగ్గర గార్డు వానొస్తుందా అని అడిగాడు. గొడుగు ఇంట్లో ఉందన్నాడు ఏజెంట్. కోడ్ కుదిరింది. లోపల మొదటి వరుసలో, మెడలో విలేకరి బ్యాడ్జీతో, ఆడియాలజిస్టు కూర్చుని ఉంది.

అతను చెవి వెనక బటన్ నొక్కాడు. నాలుగో ప్రోగ్రాం. జనం గోల తెగిపోయింది. వైర్లు సర్దుతున్నట్టు వేదికంతా తిరిగాడు. మైకు గుయ్‌మంది, సరే. ప్రొజెక్టర్ గుయ్‌మంది, సరే. శాస్త్రవేత్త ముందున్న పూలకుండీ కూడా గుయ్‌మంది.

పూలకుండీకి కరెంటెందుకు?

శాస్త్రవేత్త పెదవులు కదిలాయి. ఏజెంట్ పూలు పీకి పారేశాడు. మట్టిలో సిలిండర్, దానిమీద టైమర్: మూడు, రెండు. వైరు తెంపాడు. అంకె ఒకటి దగ్గర నిలిచింది.

జారుకోబోయి తలుపు దగ్గర గార్డులకు దొరికినప్పుడు ఆడియాలజిస్టు అతనివైపు తిరిగి చాలాసేపు ఏదో తిట్టింది. ప్రోగ్రాం మార్చాలని అతనికి అనిపించలేదు.

రహస్య ఫైలులో ఏజెంట్ సాహసం మూడు పేజీలు. మర్నాడే, ప్రభుత్వ పరికరాన్ని అనుమతి లేకుండా ఇంట్లో గెలికినందుకు మెమో. దానికి సంజాయిషీ టైపు చేసిపెట్టింది అక్కే. ఆమె ప్రస్తావన మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

ఏజెంట్‌ను మీరు మరిచిపోయినా ఫర్వాలేదు, అతని ఉద్యోగమే అలాంటిది. ఆమెను మాత్రం దయచేసి గుర్తుంచుకోండి.