ఖారీ భయపడని గొంతు

"ఓ లౌడ్‌స్పీకర్! జర బయటికి రా!"

తలుపు తీస్తే ఎదురింటి సంతోషి. మాస్కు పైన రెండు కళ్లు నిప్పులు కక్కుతున్నాయి. చంకలో వాళ్ల పిల్లి ఖారీ, దాని తోకకు మా అన్న కూతురు హేత్వి జడ రిబ్బన్.

"ఏమైంది?" అన్నాను. పిల్లి బెదిరి ఆమె భుజం మీదికి ఎగబాకింది.

"గట్ల ఒర్రకు! దానికి చెవులున్నయ్."

నేను ఒర్రలేదు. మామూలుగానే అడిగాను. ఏళ్ల తరబడి మరమగ్గాల మోతలో పనిచేసినవాడి మామూలు అదే. మా ఇంట్లో ముద్దుగా పిలిచినా కోసాడ్ కాలనీ మొత్తానికీ వినబడుతుంది. అన్న పిల్లలకూ అదే అబ్బింది.

అది కరోనా రెండో వేవ్. మా అన్న రాజనర్సు, వదిన ఇద్దరూ ఆస్పత్రిలో ఉన్నారు. వాళ్ల పిల్లలు హేత్వి, మల్లేశ్ నా దగ్గర. మా ముగ్గురికీ నెగెటివే వచ్చింది కానీ, అమ్మ కావాలనే ఏడుపు మాత్రం ఆగేది కాదు. ఖారీ కనబడితేనే ఆగేది. కనబడగానే కేకలేస్తూ దాని మీద పడేవాళ్లు. ఆ పొద్దున అది మల్లేశ్ చెయ్యి గీరితే, సబ్బుతో కడిగి సూది వేయించుకొచ్చాను.

సంతోషి వెనక నుంచి వాళ్ల నాన్న సోమలింగం గర్జించాడు. ఆయనదీ మగ్గాల గొంతే.

"ఇంకోపారి గీరిందంటే సంచిలేసి దూరంగ జోల్వాల వదిలొస్త! పిల్లగాండ్ల కన్న పిల్లి ఎక్కువనా?"

హేత్వి నా చొక్కా పట్టుకుంది. "ఖారీ కూడా పోతదా, కాకా?"

ఆ 'కూడా' నన్ను కోసేసింది. సంతోషినీ కోసినట్టుంది. సాయంత్రం వచ్చి వరండాలో చాప పరిచింది.

"పిల్లిని ఎట్ల ముట్టుకోవాల్నో క్లాస్ షురూ. ఫస్ట్ మీ కాకా మీద ప్రాక్టీస్."

"నేనేమన్న పిల్లినా?"

"పిల్లయితే గింత ఒర్రదు. కూసో."

కూర్చున్నాను. మల్లేశ్ నా జుట్టు పట్టి పీకాడు.

"అట్ల కాదు బేటా. ముందుగాల చెయ్యి చూపించి ఊకె ఉండు. వాసన చూసి అదే దగ్గరికొస్తే, అప్పుడు తల మీద ధీరే ధీరే నిమరాలె. తోక ముట్టద్దు, కడుపు ముట్టద్దు. తోక టపటప కొట్టిందంటే వెంటనే ఇడిసిపెట్టాలె."

"కాకాకు తోక లేదు కదా?" అంది హేత్వి.

"ఉంటే ఈపాటికి కొడుతుండె."

సంతోషి నవ్వింది. మాస్కు ఉన్నా నవ్వు కళ్లలో కనబడింది. నా జుట్టు ఎవరు పీకుతున్నారో కూడా తెలియలేదు.

అన్నిటికన్నా కష్టమైన పాఠం గుసగుసగా మాట్లాడటం. పిల్లలు చప్పున నేర్చుకున్నారు. నాకూ వచ్చేసింది కానీ, తప్పు చేస్తే సంతోషి మాస్కు మీద వేలు పెట్టి "ఇంకా తగ్గించు" అనేది. అందుకోసం రోజూ తప్పులు చేశాను.

ఒకరోజు వదిన ఫోన్ చేసింది. ఇద్దరికీ నయమైంది, మర్నాడు ఇంటికి పంపిస్తారట. వరండాలో ఖారీ హేత్వి ఒళ్లో నిద్రపోతోంది. ఆ సంగతి గుసగుసగానే చెప్పాను. హేత్వి చప్పుడు లేకుండా ఏడ్చింది. పిల్లిని నిమిరే చెయ్యి మాత్రం ఆపలేదు.

అది చూసి నా గుండె నిండిపోయింది. సంతోషి వైపు వంగాను.

"నువ్వు లేకుంటే ఈ పోరగాండ్లను నేను సంబాళించకపోతుంటి. నీ మేలు మరువ" అన్నాను. తర్వాత ఇంకా మెల్లగా, "నన్ను లగ్గం చేసుకుంటవా?"

"ఏంది? వినబడలే."

మళ్లీ అడిగాను.

"జర గట్టిగ చెప్పరాదా?"

"నన్ను లగ్గం చేసుకుంటవా?"

ఈసారి మగ్గాల గొంతు బయటికొచ్చింది. పై అంతస్తుల కిటికీలు తెరుచుకున్నాయి. ఖారీ అదిరిపడి లేచింది. హేత్వి వెంటనే రెండు చేతులూ తెరిచి వదిలేసింది. పిల్లి ఒక్కసారి కూడా గీరకుండా దూకి లోపలికి పోయింది.

గుమ్మంలో సోమలింగం! ముందు హేత్వి చేతులు తిప్పి తిప్పి చూశాడు.

"పిల్లి ఏడికీ పోదు బిడ్డా" అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "పిలగా, అమ్రోలి దాంక వినబడ్డది. రేపు మీ అన్నను ఇంటికి రానీ, మాట్లాడుకుందం."

ఆయన లోపలికి వెళ్లాక సంతోషి నా పక్కకు జరిగి గుసగుసగా అంది.

"నాకు మొదటిసారే వినబడ్డది."