నేర్పుతొడుగు

చెంగమ్మ వేళ్లు మామిడికాయను తాకగానే చేతికున్న తొడుగు వాటిని సగంలో ఆపేసింది. ఆ కాయ ఇంకా పక్వానికి రాలేదని దాని తీర్పు. ఆమె పక్క కాయకు చెయ్యి చాచింది. ఈసారి వేళ్లు వాటంతటవే మెత్తగా ముడుచుకున్నాయి. తొడిమ తెగింది, సొన చుక్క కూడా తొక్క మీద జారలేదు.

చిత్తూరు చుట్టుపక్కల మామిడి తోటల్లో ఇప్పుడు కోతంటే ఇదే. ఒకప్పుడు గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు దొరికిన చోటల్లా కాయ కొనేవారు. బండి దిగేసరికి సగం కాయ కమిలిపోయేది, గుజ్జు పులిసేది, దేశాలు దాటిన డబ్బాలు తిరుగుటపాలో వచ్చేవి. రైతును తిట్టి లాభం లేదు, రైతును తయారు చేసుకోవాలని యాజమాన్యానికి బుద్ధి పుట్టింది. శిక్షణ తరగతులు పెడితే రైతులు భోజనాల వేళ దాకా కునికి, తిని ఇంటికి పోయారు. చెవికి చెప్పిన పాఠం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు, చేతికే చెప్పాలని ఎవరో మహానుభావుడు నేర్పుతొడుగు కనిపెట్టాడు. గట్టి కొమ్మను గట్టిగా, మెత్తని కాయను మెత్తగా పట్టించడం దాని విద్య. ఫ్యాక్టరీ దశ తిరిగింది. రైతుల దశా కొంత తిరిగిందనే చెప్పాలి.

చెంగమ్మ, ఆమె తమ్ముడు మునిరాజు చిన్నప్పటినుంచీ జంటగానే కోసేవారు. వాడు పైకెక్కి కోసి అందిస్తే, ఆమె కింది కొమ్మ మీద నిలబడి అందుకునేది. కాయను చేతి నుంచి చేతికే దించాలన్నది వాళ్ల నాన్న పెట్టిన అలవాటు.

"అక్కా, వానకు నాని పైకొమ్మ జారతా ఉండాది. తొడుగు తీసేసి ఎక్కుతా," అన్నాడు మునిరాజు.

"తియ్యద్దురా! ఉత్తచేత్తో ముట్టినావంటే తొడుగే ఫ్యాక్టరీకి చెప్పేస్తాది, లోడంతా వెనక్కి తోలేస్తారు. మన తోటను మళ్లా శిక్షణలో వేస్తారు. ఈ ఏటి కాయంతా ఏం చేసుకుందాం, మనమే తిందామా?"

"నీ మాట ఎప్పుడు కాదన్న్యా?" అని నవ్వి, తొడుగుతోనే ఎక్కాడు.

కాలు జారింది. "అక్కా!" అన్న కేకతో పాటే మనిషీ వచ్చాడు. చెంగమ్మ ఎడమచేత్తో కొమ్మను కావలించుకుని, కుడిచేత్తో వాడి కుడి మణికట్టును అందుకుంది. దొరికాడు. ఒంట్లో ఉన్న బలమంతా ఆ పిడికిట్లో పెట్టింది.

తొడుగు ఆ మణికట్టును తడిమి చూసుకుంది. మెత్తనిదేదైనా దానికి కాయే. కాయ నలగకూడదు. అది ఆమె వేళ్లను ఒక్కొక్కటే వదులు చేసింది.

"పట్టుకోవే, ముండా!" అని చెంగమ్మ తన చేతినే తిట్టింది. అక్క ముఖంలోకి చూస్తూనే తమ్ముడు జారిపోయాడు. కింద రాతికట్ట ఉంది.

ఫ్యాక్టరీ తరఫున రైతుల శిక్షణ చూసే నళినాక్షి కబురు వినగానే వచ్చింది. చెడ్డమనిషి కాదు, నిజంగానే ఏడ్చింది. మనిషి చేతిని గుర్తుపట్టే తొడుగు వచ్చే కాపుకల్లా తెస్తామంది. ఇంకేం చెప్పాలో తెలియక, లోడు మొదటి తరగతిలోనే చేరిందనీ, ఒక్క కాయా కమల్లేదనీ చెప్పింది. చెంగమ్మ తల ఊపింది.

శవానికి నీళ్లు పోస్తున్నప్పుడు మునిరాజు భార్య కుసుమ అతని కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని తుడిచింది. మణికట్టును ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది.

"వదినా, పట్టుకున్న్యానంటివే."

"పట్టుకున్న్యా కుసుమా. ప్రాణం పెట్టి పట్టుకున్న్యా."

"అంత బరువును పట్టుకునింటే చేతి మీద గుర్తన్నా ఉండాల గదా?"

చుట్టూ చేరిన ఆడవాళ్లు వంగి చూశారు. ఒళ్లంతా నల్లగా కమిలి ఉంది. ఆ మణికట్టు మాత్రం శుభ్రంగా ఉంది.

చెంగమ్మ ఉత్తచేత్తో ఆ చేతిని పట్టుకోబోయింది. కుసుమ దాన్ని తన పైటలోకి లాక్కుంది.