మ్యాపులో లేని నాలుగో అంతస్తు

"ఏమండీ, మా ఇంటిని ఎక్కడ దాచారు?"

కంప్యూటర్లో తలదూర్చి పని చేసుకుంటున్న మనవాడు ఉలిక్కిపడి చూశాడు. కౌంటరు అవతల ఒక అమ్మాయి. ఒక చేతిలో తడిసిన గొడుగు, ఇంకో చేతిలో మ్యాపు ప్రింటు, ముక్కు మీద కోపం. కోపం సంగతి అలా ఉంచితే ముక్కు మాత్రం బాగుందని మనవాడికి అప్పుడే తోచింది. తోచడం అతని చేతిలో లేదు కదా!

మనవాడు పనిచేసేది ఇళ్లకు పన్ను విలువ కట్టే ఆఫీసులో. విలువ కట్టేది పెద్దవాళ్లు. ప్రతి అపార్ట్‌మెంటునీ కంప్యూటరు మ్యాపులోకి ఎక్కించి, ఏ ఫ్లాటు ఏ అంతస్తులో ఏ మూలన ఉందో గీసిపెట్టడం ఇతని పని. విడి ఇల్లయితే సుఖం, నేల మీద ఒక గడి గీస్తే సరిపోతుంది. అపార్ట్‌మెంటులో అలా కుదరదే! ఒకే జాగాలో ఒకరి నెత్తిన ఒకరు కాపురాలు. వాళ్లను అంతస్తులవారీగా విడదీసి, ఎవరి గోడలు వాళ్లకు అప్పజెప్పాలి.

"దాచడం ఏంటండీ?" అన్నాడు.

"మేం ఉండేది నాలుగో అంతస్తు. మీ మ్యాపులో మూడో అంతస్తులో ఉన్నాం. మూడోవాళ్లు రెండులో, రెండోవాళ్లు ఒకటిలో. ఇక గ్రౌండ్ ఫ్లోరు వాళ్లయితే పాపం, సెల్లార్లో కార్ల మధ్య వంట చేసుకుంటున్నారు!"

మనవాడు తెరపైన ఆ భవనాన్ని తెరిచి చూశాడు. నిజమే. అడుగునున్న సెల్లారునే గ్రౌండ్ ఫ్లోరనుకుని, అక్కణ్ణుంచి పైకి పేర్చుకుంటూ పోయాడు. భవనం భవనమంతా ఒక మెట్టు దిగిపోయింది. పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది అతనికి.

"చిన్న పొరపాటండీ."

"ఇరవై కాపురాలు కిందికి తోసేస్తే చిన్న పొరపాటా? మీకు చూపు సరిగ్గా ఆనుతుందా అసలు?"

"ఆనుతుందండీ."

"ఆనదు. ఇందాకట్నుంచి కళ్లు చికిలించే చూస్తున్నారు. నేను కళ్లజోళ్ల షాపులో కళ్లు టెస్ట్ చేస్తాను, నాకు తెలీదా?"

వెనక కుర్చీలోంచి ఆఫీసరు మేడమ్ గొంతు వినిపించింది. "రేపు వెళ్లి ఇంటింటికీ తిరిగి సరిచూసుకుని రావయ్యా. కూర్చున్నచోటే ఊరంతా గీస్తే ఇలాగే ఉంటుంది."

మర్నాడు మనవాడు లేజరు కొలత యంత్రం జేబులో వేసుకుని బయల్దేరాడు. ఆ భవనానికి లిఫ్టు లేదు. గ్రౌండ్ ఫ్లోరు నుంచి మొదలుపెట్టి తలుపు తలుపూ తట్టుకుంటూ ఎక్కాడు. ఆఫీసు మనిషి చేతికి చిక్కాడు కదా అని ప్రతి ఇంటివాళ్లూ తమ గోడు వెళ్లబోసుకున్నారు. పాత రేడియోలు బాగుచేసే రేడియో మావయ్యకి కింది ఇంట్లో స్టేషన్లు సరిగ్గా అందవు. ఆయన ఎదురింట్లో బట్టలకు రంగులద్దే ఆవిడ మోచేతుల దాకా నీలంతో వచ్చి తలుపు తీసింది.

"ఎండ ఏ వైపునుంచి వస్తుందో అది కూడా రాసుకో బాబూ. మా ఇంట్లోకి దారి తప్పి కూడా రాదు. తడి బట్ట మూడోనాటికీ ఆరదు!"

"ఎండకి మా దగ్గర కాలమ్ లేదమ్మా," అన్నాడు మనవాడు.

నాలుగో అంతస్తు చేరేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. తలుపు తీసింది ఆ అమ్మాయి తాతయ్య. రిటైరైన డ్రిల్లు మాస్టారు. నిటారుగా నిలబడి మనవాణ్ణి ఎగాదిగా చూశారు.

"నాలుగంతస్తులకే రొప్పుతున్నావా? నీ వయసులో నేను రోజూ కొండెక్కి దిగేవాణ్ణి!"

అంటూనే ఆయన గోడకి చెయ్యి ఆన్చారు. ఒంటి బరువంతా ఆ చేతి మీదే మోపడం మనవాడు చూశాడు. వెనక నిలబడ్డ అమ్మాయి, ఏమీ అనొద్దన్నట్టు కళ్లతోనే బతిమాలింది. పైకప్పు కొలవాలి కదా అన్న వంకతో అతన్ని మేడ మీదికి తీసుకెళ్లింది.

"తాతయ్యకి మోకాళ్లు పోయాయండీ," అంది మెల్లగా. "ఊరందరికీ పరుగులు నేర్పిన మనిషి కదా, నొప్పి అని నోటితో అనరు. కిందికి దిగడమే మానేశారు. ఎందుకు తాతయ్యా అంటే, బయట జనం గోల అంటారు."

"మరి ఎలా?"

"రేడియో మావయ్య మాతో ఇల్లు మార్చుకుంటానన్నారు. ఆయన ఏరియల్‌కి పై అంతస్తు కావాలట. తాతయ్య నొప్పి సంగతి ఆయనకీ చెప్పలేదు. మీ మ్యాపు సరిగ్గా ఉంటేనే ఆ మార్పిడికి రిజిస్ట్రేషన్ అవుతుంది. ఈ నెలలో అవకపోతే పెదనాన్న వచ్చి తాతయ్యని తన ఊరు తీసుకెళ్లిపోతారు. అమ్మానాన్నా లేని నన్ను పెంచింది తాతయ్యే. ఒంటరిగా ఎలా పంపను? నేనూ షాపు మానేసి వెళ్లిపోవాలి."

సన్నగా వాన మొదలైంది. ఆమె గొడుగు తెచ్చుకోలేదు, అతనూ తెచ్చుకోలేదు. ఇద్దరూ నీళ్ల ట్యాంకు కింద ఇరుక్కుని నిలబడ్డారు. ఈ అమ్మాయి వెళ్లిపోతుందన్న మాట మనవాడి గుండెల్లో రాయిలా పడింది. పరిచయమై రెండు రోజులైనా కాలేదే, నాకేంటి ఇంత బాధ అని తనను తానే విసుక్కున్నాడు.

ఆ సాయంత్రమే అంతస్తులన్నీ సరిచేసేశాడు. గ్రౌండ్ ఫ్లోరు వాళ్లు సెల్లార్లోంచి పైకొచ్చారు. పని అక్కడితో అయిపోవాలి. కానీ మనవాడు మర్నాడూ వెళ్లాడు, ఆ మర్నాడూ వెళ్లాడు.

"ఈ గోడ నిన్న కొలిచావుగా?" అన్నారు మాస్టారు.

"నిన్న వాన కదండీ, రీడింగు సరిగ్గా రాలేదు."

"గోడ ఇంట్లో ఉంది కదయ్యా?"

మనవాడు యంత్రాన్ని ఇంకో గోడకేసి తిప్పాడు. లోపలి గదిలోంచి కిసుక్కున నవ్వు వినిపించింది.

కొలతలన్నీ దగ్గర పెట్టుకుని పాత ప్లానుతో పోల్చినప్పుడు బయటపడింది అసలు చిక్కు. రేడియో మావయ్య ఇంట్లో వెనకవైపు పడకగది నిజానికి ఆ ఇంటిది కాదు. భవనంలో అందరికీ ఉమ్మడి గది. ఎప్పుడో ఎవరో నడిమి గోడ కొట్టించి కలిపేసుకున్నారు. ఆ తర్వాత కొనుక్కున్న మావయ్యకి ఆ సంగతే తెలీదు. ఆ గదిని విడదీసి గీస్తే ఇళ్ల మార్పిడి ఆగిపోతుంది, కలిపి గీస్తే అబద్ధమవుతుంది. మనవాడి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కయింది.

చెప్పడానికని కళ్లజోళ్ల షాపుకి వెళ్లాడు. నోరు విప్పకముందే ఆమె అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, లైట్లు ఆర్పేసి, కంట్లోకి చిన్న దీపం వేసి తొంగి చూసింది. ఇంత దగ్గరగా ఆమె మొహం ఎప్పుడూ చూడలేదు. మనవాడు ఊపిరి బిగబట్టాడు.

"ఊపిరి తీసుకోవచ్చండీ మ్యాపు గారూ, నేను చూసేది కన్నే. రెప్పలు కొట్టేస్తున్నారేంటి? ఏదో దాస్తున్నారు."

దాచలేక మొత్తం చెప్పేశాడు. ఆమె చేతిలోని దీపం ఆర్పేసింది.

"గోడలు ఎలా ఉన్నాయో అలాగే గీసేయండి. ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలీదు. కానీ రేపెప్పుడో మిగతా ఇళ్లవాళ్లంతా వచ్చి, ఈ గది మా అందరిదీ అంటే? మాస్టారు నా గీతని నమ్మి ఆ గదిలో మంచం వేసుకుంటారండీ. ఆ వయసులో ఆయన్ని లేచి వెళ్లమనే గీత నేను గీయలేను."

"మీ గీత చక్కగా ఉంటే చాలు. మేం ఊరొదిలి పోయినా ఫరవాలేదన్నమాట."

"అలా అనకండి."

"ఇంకెలా అనమంటారు?" ఆమె లైట్లు వేసేసింది. "రెండో కన్ను ఇంకోసారి చూస్తాను. వెళ్లండి."

మనవాడు వానలోనే ఇంటికి నడిచాడు. చేసింది తప్పు కాదని తెలుసు. తెలిసినా అన్నం సయించలేదు. అమ్మ అడిగితే తలనొప్పన్నాడు. మంచం మీద పడి ఆ భవనంలో ఒక్కో తలుపూ మనసులో మళ్లీ తట్టుకుంటూ వచ్చాడు. మొదటి అంతస్తు దిగాడు, గ్రౌండ్ ఫ్లోరు చేరాడు. నీలం చేతుల ఆవిడ దగ్గర ఆగిపోయాడు. ఎండ! ఆవిడకి కావలసింది ఎండ. ఫ్లాటు కొలతలు సరిగ్గా మాస్టారి ఫ్లాటంతే, ప్లానులో ఏ పేచీ లేదు. మరి ఇన్నాళ్లూ వీళ్లిద్దరూ ఎందుకు మాట్లాడుకోలేదు? మాస్టారికి కింది ఇల్లు కావాలని ఆయన చెబితే కదా ఆవిడకి తెలిసేది!

మర్నాడు పదింటికల్లా నాలుగంతస్తులూ ఎక్కాడు. అమ్మాయి అప్పటికే షాపుకి వెళ్లిపోయింది.

"సార్, ఒక మాటంటాను, తిట్టకూడదు."

"అను. తిట్టే సంగతి తర్వాత చూద్దాం."

"మీకు మోకాళ్లు నొప్పి."

మాస్టారి మొహం ఎర్రబడింది. "అది చెప్పిందా?"

"మొదటిరోజే నేను చూశానండీ, గోడ పట్టుకుని నిలబడ్డారు. రేడియో మావయ్య ఇంటితో కుదరదు, అందులో ఒక గది భవనంలో అందరిదీ. కానీ రంగులద్దే ఆవిడకి పై ఇల్లు పనికొస్తుంది. వెళ్లి అడగాలి. ఎందుకు మారుతున్నారని ఆవిడ అడిగితే నిజం చెప్పాలి. అది మీరే చెప్పాలి, నేను చెప్పను."

ఆయన కిటికీలోంచి రోడ్డు చూశారు. కింద ఎవరో కుర్రాళ్లు బస్సు కోసం పరిగెడుతున్నారు.

"పద," అన్నారు చివరికి. "భుజం ఇటివ్వు."

మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగారు. మధ్యలో ఒకచోట మనవాడి భుజం గట్టిగా నొక్కి పళ్లు బిగించి, ఇంకో మెట్టు దిగారు. రంగులావిడ తలుపు తీసేసరికి అలవాటుకొద్దీ మళ్లీ నిటారుగా నిలబడ్డారు. అంతలోనే ఏమనుకున్నారో, ఒళ్లు వదులు చేసి గుమ్మానికి ఆనుకున్నారు.

"అమ్మా, నాకు మోకాళ్ల నొప్పులు. మెట్లెక్కలేకపోతున్నాను. నీకు ఇష్టమైతే నా ఇల్లు నీకిస్తాను, నీ ఇల్లు నాకిస్తావా?"

"అయ్యో మాస్టారూ! ఈ ముక్క ముందే అనకూడదూ?" ఆవిడ నీలం చేతులతోనే కుర్చీ లాక్కొచ్చి వేసింది. "ఎండ కోసం మొహం వాచిపోయి ఉన్నాను నేను. మీరేమో ఆ మేడని కోటలా కాపలా కాస్తున్నారు. అడిగితే విజిలేస్తారేమోనని భయపడి ఊరుకున్నా!"

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన అమ్మాయి మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఎన్నో నెలలుగా కిందికి దిగని తాతయ్య, కింది ఇంటి వరండాలో కాళ్లు బారజాపుకుని కూర్చుని, దారినపోయే ప్రతి మనిషినీ పలకరిస్తున్నారు. పక్కన మనవాడు ఏం చెయ్యాలో తెలీక ఆ గోడనే కొలుస్తున్నాడు.

విషయం విన్నాక ఆమె కళ్లు తుడుచుకుంది. "నిన్న మిమ్మల్ని నానా మాటలూ అన్నాను."

"ఫరవాలేదండీ."

"ఫరవాలేదంటే ఎలా? నేను రాత్రంతా నిద్రపోలేదు."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "బాబూ, నొప్పి అన్న ఒక్క మాట అనడానికి నాకు రెండేళ్లు పట్టింది. అన్నాక ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నీకెన్నాళ్లు పడుతుంది?"

మనవాడు తెల్లబోయాడు. "నాకేం నొప్పుల్లేవండీ."

"గోడ కొలిచింది చాలు. చెప్పు."

మనవాడు యంత్రం జేబులో పెట్టాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మీ మనవరాలంటే నాకు చాలా ఇష్టమండీ. వెళ్లిపోతుందంటే తట్టుకోలేకపోయాను."

"నాకు చెబుతావేంటయ్యా? అదిగో, అక్కడుంది!"

మనవాడు అటు తిరిగాడు. ఆమె కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి, పెదాలు మాత్రం నవ్వాపుకోలేకపోతున్నాయి.

"మీరంటే నాకు ఇష్టమండీ," అన్నాడు ఈసారి తడబడకుండా.

"కొలిచిన గోడే రోజూ వచ్చి కొలుస్తుంటే నాకు తెలీదనుకున్నారా?" అంది. "నాకూ ఇష్టమే. నిన్న వెళ్లండి అన్నాను చూడండి, మీరు నిజంగానే వెళ్లిపోతుంటే ప్రాణం పోయినట్టయింది."

మాస్టారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి తలూపారు. "మీ ఇంట్లో ఎవరెవరుంటారు బాబూ?"

"అమ్మా, నేనూ అండీ. అమ్మకి కూడా మోకాళ్ల నొప్పులే."

"అయితే ఇల్లు మారగానే తీసుకురా," అన్నారు మాస్టారు. "ఆవిడ మెట్లెక్కే పని లేదని చెప్పు. గుమ్మం దగ్గరికి నేనే ఎదురొస్తాను."