తెల్లరాతికొండ బంగారు పాయ

తెరమీద బొమ్మ ఇంకా మసకగానే ఉంది.

డాక్టర్ వకుళ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. బూడిదరంగు మధ్యలో రెండు తెల్లటి మరకలు. ఒకటి కొండకు తూర్పు పక్క, రెండోది పడమటి పక్క. ఆ రెంటిలో ఏదో ఒకచోట ముగ్గురు మనుషులు చిక్కుకుని ఉన్నారు. ఎక్కడన్నది ఆమెకు తెలియడం లేదు.

ఆ పొద్దున గనిలో కొత్తగా తవ్వుతున్న సొరంగం కప్పు కూలింది. తిరుపాలు, మద్దిలేటి, ఖాసీం లోపల ఉండిపోయారు. పనిచేస్తున్నచోటే ఆగిపోయారో, దారిలో తగిలే పాత సొరంగాల్లోకి పరిగెత్తారో ఎవరూ చెప్పలేకపోయారు. పంపులు ఆపితే కిందినుంచి నీళ్లు ఎగదన్నుతాయి. ఆపకపోతే, ఆ రొదలో లోపలివాళ్లు రాతిమీద ఎంత కొట్టినా పైకి వినబడదు. ఇక మిగిలింది వకుళ కెమెరా ఒక్కటే.

నిజానికి ఆ కెమెరా వచ్చింది మనుషుల్ని వెతకడానికి కాదు, బంగారాన్ని వెతకడానికి.

వందల కోట్ల ఏళ్ల కిందట ఆ నేలమీద లావా పారింది. అది గడ్డకట్టి ముదురాకుపచ్చ రాయి అయింది. తర్వాత భూమి లోతుల్లోంచి మరిగే నీళ్లు, కరిగిన సిలికాను, రవ్వంత బంగారాన్ని మోసుకుని ఆ రాతి పగుళ్లలోకి ఎగబాకాయి. నీళ్లు చల్లారినచోట తెల్లటి క్వార్ట్‌జ్ రాయి, అందులో బంగారం మిగిలాయి. అలా పచ్చరాతిని చీల్చుకుంటూ ఒక తెల్లరాతి పాయ ఏర్పడింది. మరెప్పుడో భూమి కదిలి, ఆ పాయను అడ్డంగా కోసేసి, అవతలి ముక్కను ఎటో జరిపేసింది. ఇలాంటి కోతను ఫాల్ట్ అంటారు.

ఇవతలి ముక్కను పూర్వకాలంవాళ్లే కనిపెట్టారు. రాతిమీద కట్టెలు పేర్చి కాల్చి, నీళ్లు చల్లి పగలగొట్టి తవ్వుకున్నారు. వాళ్లు రాయి నూరిన గుంటలు కొండవాలులో ఇప్పటికీ కనిపిస్తాయి. తర్వాత ఒక తెల్లదొరల కంపెనీ వచ్చి బావిలాగా నిలువునా, లోతుగా షాఫ్ట్ దించింది. ఫాల్ట్ దగ్గర పాయ తెగిపోయేసరికి, అవతలి ముక్క కోసం ఆ పక్కకీ ఈ పక్కకీ అడ్డసొరంగాలు తవ్వి తవ్వి విసిగి వెళ్లిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వ జియాలజిస్టులు డ్రిల్లులు వేయించారు. పచ్చరాయి తప్ప ఏమీ పడలేదు. ఇప్పుడొచ్చిన కంపెనీ, తప్పిపోయిన ఆ ముక్క కోసమే వకుళను పిలిపించింది.

ఆమె కెమెరా పనిచేసే తీరు చెప్పాలంటే కష్టమేమీ కాదు. ఆకాశం నుంచి మ్యూఆన్లు అనే కణాలు ఎడతెరిపి లేకుండా నేలమీద పడుతుంటాయి. మన ఒంట్లోంచి దూసుకుపోతున్నా మనకు తెలియదు. రాయి ఎంత మందంగా, ఎంత బరువుగా ఉంటే అంత ఎక్కువ కణాలను ఆపేస్తుంది. కెమెరా పాత షాఫ్ట్ అడుగున కూర్చుని, కొండను దాటి వచ్చిన కణాలను లెక్కపెడుతుంది. ఎక్కువ దిగినచోట తెలుపు, తక్కువ దిగినచోట నలుపు. లోపల ఖాళీ ఉంటే తెల్లగా కనిపిస్తుంది. పచ్చరాయి కంటే క్వార్ట్‌జ్ తేలిక కాబట్టి, పాయ లావుగా ఉంటే అది కూడా తెల్లగానే కనిపిస్తుంది. ఏది ఖాళీ, ఏది రాయి అని తేలాలంటే కణాలు బాగా పోగవ్వాలి. అందుకు సమయం కావాలి.

"ఏంది మేడమ్, ఇంకా తేల్లేదా?"

షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగింది సుంకమ్మ, తిరుపాలు భార్య. పొద్దున్నుంచి అక్కడే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇంకా పోగవ్వాలమ్మా. రేపు పొద్దునకల్లా ఖాయంగా చెప్పగలను," అంది వకుళ.

"రేపు పొద్దునకా? అంతవరకూ లోపల గాలి ఉంటాదా?"

వకుళ గని మేనేజరు శేషాచలం వైపు చూసింది.

"చెప్పు సారూ, ఉంటాదా?"

"కష్టమేనమ్మా," అన్నాడాయన.

"అట్లయితే ఆ రంధ్రాలేసే రిగ్గు బయట ఊరికే ఎందుకు పెట్టుకోనుండారు?"

"ఉన్న రిగ్గు అదొక్కటే," అంది వకుళ. "తప్పు చోట దించితే, మళ్లీ ఊడదీసి అవతలికి జరిపేలోపు ఉన్న కాస్త సమయమూ పోతుంది."

సుంకమ్మ లోపలికి వచ్చి తెరముందు నిలబడింది. "ఈ రెంట్లో పెద్దది యాది?"

"తూర్పుది. తెలుపు కూడా దానికే ఎక్కువ. కానీ అంతమాత్రాన..."

"మీ ఇంటాయన లోపలుంటే గూడా ఇట్లనే లెక్క తేలేదాకా కూచుంటావా మేడమ్?"

వకుళ తెరవైపు తిరిగింది. మరకల అంచులు ఇంకా చెదిరిపోయే ఉన్నాయి.

"తూర్పున దించండి," అంది చివరికి.

రిగ్గు మొదలైంది. లోపల ఖాళీ తగిలితే డ్రిల్లు ఒక్కసారిగా కిందికి జారాలి. ఆ జారుడు కోసం అందరూ గొట్టం వైపే చూస్తూ నిలబడ్డారు. గొట్టంలోంచి డ్రిల్లు కోసిన రాతికడ్డీలు వస్తూనే ఉన్నాయి. పచ్చరాయి. మళ్లీ పచ్చరాయి. డ్రిల్లు జారలేదు. చప్పుడు మాత్రం మారింది. తర్వాత వచ్చిన కడ్డీ పాలలాగా తెల్లగా ఉంది.

శేషాచలం దాన్ని నీళ్లతో కడిగి ఎండకు పట్టాడు. తెల్లరాతిలో పసుప్పచ్చటి రవ్వలు, కొన్ని జొన్నగింజంత ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఈ రాయి కోసమే వెతికిన మనిషి, దాన్ని చేతిలో పట్టుకుని నేలమీద కూలబడ్డాడు.

"ఏంది సారూ అది?" సుంకమ్మ దగ్గరికి వచ్చింది.

"బంగారం."

"మరి మనుషులు?"

సుంకమ్మ ఆ కడ్డీని ముట్టుకోలేదు. "పడమటి పక్కకు జరపండి. కాళ్లు మొక్కుతా, బిన్నా జరపండి, గాలి అయిపోతాది," అని అరుస్తూ తనే వెళ్లి రిగ్గు ఇనుపచట్రాన్ని తోయబోయింది. ఆడవాళ్లు వచ్చి పట్టుకున్నారు.

రిగ్గు జరిపి మళ్లీ బిగించేసరికి తెల్లారవచ్చింది, తెరమీద బొమ్మ తేటపడింది. పడమటి మరక ఖాళీ అని ఇప్పుడు ఎవరు చూసినా చెబుతారు. తూర్పున ఉన్నది గట్టి రాయి. ఈసారి డ్రిల్లు జారింది. గాలి పంపి, వైరు కట్టిన మైకు దించారు.

కాసేపటికి దగ్గు వినిపించింది. "నేను మద్దిలేటిని. ఇద్దరం ఉండాం."

సుంకమ్మ మైకు లాక్కుంది. "మద్దిలేటీ, మా ఆయన యాడ?"



"అక్కా... తూర్పు దిక్కు డ్రిల్లు సద్దు ఇనపడింది. మనకోసమే వచ్చినారు, దగ్గరికి పోయి సుత్తితో కొడితే మనం యాడుండేదీ తెలుసుకుంటారని, పాత సొరంగంలోకి పాక్కుంటా పోయినాడు. ఖాసీం వద్దని కాలు పట్టుకున్యాడు, ఇడిపించుకున్యాడు. కొంచేపు పిలిస్తే పలికినాడక్కా. ఆమైన ఎంత పిలిచినా పలకలేదు."

మద్దిలేటినీ ఖాసీంనూ బతికుండగానే పైకి తీశారు. తిరుపాలు తెల్లదొరలు వదిలేసిన అడ్డసొరంగం చివర దొరికాడు. అక్కడ గాలి లేదు. ఎదురుగా రాతిగోడమీద సుత్తిదెబ్బలు ఉన్నాయి. ఆ గోడకు బారెడు అవతల బంగారు పాయ ఉంది. పాత కంపెనీ సరిగ్గా అక్కడే విసిగి ఆగిపోయింది.

అంత్యక్రియలయ్యాక వకుళ సుంకమ్మ ఇంటికి వెళ్లింది.

"తూర్పని చెప్పింది నేనే," అంది.

"చెప్పించింది నేను," అంది సుంకమ్మ.

వకుళ చీకటి పడేదాకా కూర్చుని వెళ్లిపోయింది.

పేపర్లలో కెమెరా పేరు మోగిపోయింది. తరాలుగా దొరకని పాయను పట్టిచ్చిన యంత్రమన్నారు. దేశదేశాల బంగారు కంపెనీలు దానికోసం వరసకట్టాయి. కూలిన గనుల్లో మనుషుల్ని వెతకడానికి కావాలని మాత్రం ఒక్కరూ అడగలేదు. కొత్తపాయకు ఏదో ఒక పేరు పెట్టడం గనుల్లో ఆనవాయితీ. కంపెనీ పెద్దలు ఆలోచించి, గౌరవంగా ఉంటుందని, తిరుపాలు పేరు పెట్టారు. ఆ సంగతి చెప్పడానికి శేషాచలం సుంకమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఆయప్ప పేరు పెట్టి, దినామూ దాన్ని పగలగొడతారా సారూ?" అని అడిగిందామె.

శేషాచలం ఆ మాట పైవాళ్లకు చెప్పాడు. అప్పటికే బోర్డు రాయించేశారు.

సుంకమ్మకు గని క్యాంటీన్లో పని ఇచ్చారు. షిఫ్టు మారే వేళకు కార్మికులు గుంపుగా వచ్చి బల్లల ముందు కూర్చుంటారు. వాళ్ల మాటలన్నీ రాయి గురించే. తిరుపాలులో ఈ పూట ఎంతమంది దిగినారు? తిరుపాలు కాడ రాయి మెత్తబడిందంటనే? పేరు మగమనిషిది కాబట్టి, పాయ గురించి కూడా వాడు, వీడు అనే మాట్లాడుకుంటారు.

ఒకరోజు కొత్తగా చేరినవాడొకడు పక్కవాణ్ణి అడిగాడు. "అన్నా, ఈ తిరుపాలు ఇంకా ఎన్నాళ్లుంటాడు?"

"నీకేం భయం లేదు లేప్పా. మనం ముసలోళ్లమై రిటైరయినా వాడు ఉంటాడు. ఆ కెమెరా మేడమే లెక్క తేల్చింది."

అప్పుడే సుంకమ్మ ఆ కొత్తవాడి ప్లేటులో సంగటి పెట్టి పులుసు పోస్తోంది. పులుసు ప్లేటు దాటి బల్లమీద ఒలికింది. ఆమె ఎవరో వాడికి తెలియదు.

"చూసి పొయ్యక్కా," అన్నాడు.