ఇంకో రెండు నెలలు ఆగుదాం

ఉదయం ఎనిమిదింటికి అమ్మ కంప్యూటర్ ఆన్ చేసి, అది తెరుచుకునేలోగా స్నానం చేసి, బట్టలు ఆరేసి వచ్చింది. తెర మీద గుండ్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఇంట్లో కూర్చుని పుస్తకాలకు పేజీలు కూర్చే పని ఆమెది. బొమ్మలున్న పేజీ వస్తే చాలు, ఆ డబ్బా కదలనని మొండికేస్తుంది. కిందటి వారం ఉన్నట్టుండి బిగుసుకుపోయి ఒక రోజు పనంతా మింగేసింది. ఆలస్యమైందని ప్రచురణకర్త తర్వాతి పుస్తకం వేరేవాళ్లకిచ్చాడు.

విడ్డూరమేమిటంటే, ఆ ఇంటాయన బజార్లో దుకాణం పెట్టి కంప్యూటర్లు బాగుచేసే మనిషి. ముప్పై ఏళ్లుగా వీధంతా ఆయన్ని డాక్టరుగారనే పిలుస్తుంది. ఎవరి మిషన్ మూత తీసినా, దాన్ని మార్చాలో, ఇంకొన్నాళ్లు లాగించవచ్చో నిమిషంలో తేల్చేసేవాడు. సొంతింటి మిషన్ దగ్గరకొచ్చేసరికి మాత్రం నానుస్తాడు. పాత మదర్‌బోర్డుకి కొత్త ప్రాసెసర్ పట్టదంటాడు. బోర్డు మారిస్తే ర్యామ్ కూడా మార్చాలంటాడు. ఇంకో రెండు నెలలు ఆగితే ఇంతకంటే మంచిది వస్తుందంటాడు. ఏడాదిగా ఆ రెండు నెలలు గడవడం లేదు.

కూతురికి ఓపిక నశించింది. నాన్నకి చెప్పకుండా బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ తెప్పించింది. అంతటితో ఆగినా బాగుండేది. వాటిని బిగించడానికి బజార్లోని ఇంకో దుకాణం అతన్ని పదకొండింటికి రమ్మంది.

పెట్టెలు చూసి నాన్న నవ్వబోయాడు. బిగించేది ఎవరో విన్నాక ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"నా ఇంట్లో మిషన్‌కి పరాయివాడు చెయ్యి పెడతాడా?"

"నువ్వు పెట్టవుగా నాన్నా. అందరికీ చేస్తావు. అమ్మ దగ్గరికొచ్చేసరికే నీకు తీరిక ఉండదు."

ఆయన పెట్టె విప్పి, ప్రాసెసర్‌ని అంచులు పట్టుకుని పైకి తీశాడు. అది కూర్చునే చోట వెంట్రుకల్లాంటి పిన్నులు వందలకొద్దీ ఉంటాయి. ఒక్కటి వంగినా బోర్డు చెత్తబుట్టకే. ఆయన వేళ్లు వణికాయి. ఎడమచేత్తో మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అయినా ఆగలేదు. చివరికి ప్రాసెసర్‌ని మళ్లీ దాని పెట్టెలోనే పెట్టేశాడు.

"పోయినేడు ఒకాయన బోర్డు పాడుచేశాను. అది కంపెనీ నుంచే పాడై వచ్చిందని అబద్ధం చెప్పి, కొత్తది తెచ్చిచ్చాను," అన్నాడు నేల చూస్తూ. "అప్పట్నుంచి ఎవరి మూతా తియ్యలేదమ్మా. ఊరికే వెళ్లి దుకాణంలో కూర్చుని వస్తున్నా."

కూతురు వంటింట్లోకి వెళ్లేసరికి, అంతా విన్న అమ్మ ముఖంలో ఆశ్చర్యమనేదే లేదు.

"నీకు తెలుసా?"

"ఆయన చొక్కా గుండీలు పెడుతున్నది నేనే. తెలియకుండా ఎలా ఉంటుంది?"

పుస్తకాలు చేజారుతున్నా ఎందుకు నోరు విప్పలేదని కూతురు నిలదీసింది. అమ్మ పొయ్యి కట్టేసింది.

"ఆ మిషన్ పాతగా ఉన్నన్నాళ్లూ, నేను చెయ్యాల్సిన పని ఒకటుంది అనుకుంటూ నిద్ర లేస్తారే ఆయన. ఇంకెవరో చేసేస్తే ఆయనకేం మిగులుతుంది? పుస్తకం పోతే పోయింది."

తను ఎంత మాట అనేసిందో అప్పుడు తెలిసొచ్చింది కూతురికి. కళ్లు తుడుచుకుని, దుకాణం అతనికి రావద్దని ఫోన్ చేసింది. వచ్చి నాన్న పక్కన నేల మీద చతికిలబడింది. "నువ్వు చెప్పు నాన్నా, నేను పెడతాను," అంది.

ఆయన ప్రాసెసర్ పెట్టెని ఆమె ముందుకు జరిపాడు. "మూలన చిన్న గుర్తు ఉంటుంది, చూసుకో. అంచులే పట్టుకో. నొక్కకు. పైన ఆనించి వదిలెయ్, అదే కూర్చుంటుంది."

అది కూర్చుంది. ఒక స్క్రూ వంకరగా వెళ్లిందని ఆయన రెండుసార్లు విప్పించి మళ్లీ పెట్టించాడు. మధ్యాహ్నానికి బొమ్మల పేజీ అమ్మ కన్నార్పేలోగా తెరుచుకుంది. ఆయన వైపు ఓసారి చూసి, ఆమె దాన్ని వెంటనే మూసేసింది.

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. ఎన్నో ఏళ్ల కస్టమర్. మిషన్ ఆన్ కావడం లేదట, డాక్టరుగారు ఒకసారి రావాలట. ఏడాదిగా ఇలాంటి ఫోన్లకి జ్వరమనో, ప్రయాణమనో చెబుతున్న మనిషి ఈసారి నిజమే చెప్పేశాడు.

"నేనిక చెయ్యలేనండీ. చేతులు వణుకుతున్నాయి."

ఫోన్ పెట్టేసి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అమ్మ వచ్చి ఆ చేతులు రెండూ తన ఒళ్లోకి తీసుకుంది. ఆమె గట్టిగా పట్టుకున్నా, అవి వణుకుతూనే ఉన్నాయి.